తెడ్డు పట్టని రోజు

టమాటాలకు తొడిమలు తీసి, ఒక్కొక్కదాన్ని నాలుగు చెక్కలు చేసి వేస్తూ వీరబ్రహ్మం పక్కకు చూశాడు. ఈపాటికి స్టవ్ మీద మందపాటి స్టీలు బాణలి వేడెక్కి, నూనెలో అల్లం తరుగు చిటపటలాడుతూ ఉండాలి. ఇవాళ స్టవ్ చల్లగా ఉంది. దాని పక్కన గట్టు మీద, నల్లటి పింగాణీ కడుపూ గాజు మూతా ఉన్న కరెంటు స్లో కుక్కరు, పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషిలా కదలకుండా కూర్చుని ఉంది.

"టమాటాలు, నూనె, ఉప్పు, కారం, బెల్లం, అల్లం. అన్నీ ఒకేసారి వేసి మూత పెట్టేయడమే బాబాయ్ గారూ," అంది సాయిప్రసన్న. ఆమె బేకరీ యజమాని రాజమౌళి గారి కోడలు. కుక్కరు ఆన్‌లైన్‌లో తెప్పించింది ఆమే. "ఐదు గంటలు ముట్టుకోకూడదండి. దాంతో వచ్చిన పుస్తకంలో రాశాడు."

"ముట్టుకోకపోతే అది వంటేంటమ్మా?"

"మీరు లేకపోయినా అవ్వాలి కదండీ!"

ఆమె నవ్వుతూనే అంది. అతనూ నవ్వాడు. మీట తిప్పి ఆమె ముందు గదిలోకి వెళ్ళాక, ఆ మాట మాత్రం వంటగదిలో ఉండిపోయింది.

నిడదవోలు స్టేషను రోడ్డులో ఆ బేకరీకి పేరు తెచ్చింది కర్రీ పఫ్ కాదు, దాని మీద వేసే ఈ టమాటా సాస్. ఇరవై తొమ్మిదేళ్ళుగా దాన్ని వండుతున్నది వీరబ్రహ్మం ఒక్కడే. అరవై మూడేళ్ళ పొట్టి మనిషి. తెడ్డు తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి జారింది. ఉడికే గుజ్జు చింది కుడి ముంజేతి నిండా ఆవగింజలంత మచ్చలు పడ్డాయి. ఒక పెళ్ళి సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. రెండోదాని సంగతి ఎవరూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. అదొక లోటని అతనికి అనిపించిన సందర్భాలు తక్కువ. రోజూ నాలుగింటికి బడి వదిలేవేళకి సాస్ సిద్ధం కావాలి. ఆ ఒక్క పని చుట్టూ అతని రోజులన్నీ చక్కగా సర్దుకున్నాయి.

రెండేళ్ళ కిందట కోరుకొండలో చెల్లెలు లోవలక్ష్మి భర్త పోయాడు. కొండ కింద కొబ్బరికాయల కొట్టు ఆమె ఒక్కతే చూసుకుంటోంది. వచ్చి తన దగ్గరే ఉండమని అన్నను పిలుస్తూనే ఉంది. వెళ్ళాలని అతనికీ ఉంది. అడిగినప్పుడల్లా రాజమౌళి ఒకటే మాట అనేవాడు: "నువ్వెళ్ళిపోతే సాస్ ఎవరు చేస్తారయ్యా?" ఆ మాట వినగానే వీరబ్రహ్మం లోపల ఏదో వెచ్చబడేది. సరేలెండి అనేసేవాడు. ఆ రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి, షావుకారు గారు వదలడం లేదని చెప్పేవాడు. అది అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు.

ఈసారి మాత్రం సాయిప్రసన్న మామగారిని ఒప్పించింది. ఇవాళ కుక్కరులో సాస్ నాలుగింటికల్లా తయారై, తిన్నవాళ్ళెవరూ వంక పెట్టకపోతే, సాయంత్రం పాసింజరుకి వీరబ్రహ్మం వెళ్ళిపోవచ్చు. కుదరకపోతే ఇంకో మనిషి దొరికేదాకా కదలడానికి లేదు. అతని సంచి మైదా బస్తాల వెనక సిద్ధంగా ఉంది.

అరగంట గడిచింది. కుక్కరులోంచి చప్పుడు లేదు. గాజు మూతకు లోపల ఆవిరి పట్టి ఏమీ కనబడడం లేదు. అన్నిటికంటే ఇబ్బంది, వాసన లేదు. ఆ ఇంట్లో వండేది ఏదైనా దేవుడి పటం ముందు ఒక చెంచా పెట్టేదాకా నాలిక మీద వేయకూడదని రాజమౌళి భార్య మీనాకుమారి నియమం. అందుకే సాస్‌లో ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు. ఉప్పు చాలిందా, పచ్చివాసన పోయిందా, బెల్లం పట్టిందా అన్నీ వీరబ్రహ్మం ముక్కుతోనే తేల్చుకునేవాడు. నైవేద్యం అయ్యాక తినొచ్చు. అప్పటికి ఆ వాసనతోనే కడుపు నిండిపోయేది. అలా ఇరవై తొమ్మిదేళ్ళలో తను చేసిన సాస్ ఎలా ఉంటుందో అతను తిని చూడనే లేదు.

మూత కొంచెం ఎత్తి వాసన చూశాడు. పచ్చివాసన. మూసేశాడు. కాసేపాగి మళ్ళీ ఎత్తాడు.

పన్నెండయ్యాక సాయిప్రసన్న వచ్చి మూత తీసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఇదేంటండీ! ఐదు గంటలైంది, ముక్కలు ఇంకా ఈత కొడుతున్నాయి!" పుస్తకం తెచ్చి వేలితో వెతికింది. "మూత తీసినప్పుడల్లా అరగంట ఆలస్యమవుతుందట. తీశారా?"

"వాసన చూశాను."

"ఎన్నిసార్లండీ?"

"లెక్క ఎవరు చూశారమ్మా!"

"నేను చూశాను," అంది మీనాకుమారి, గుమ్మంలో కందిపప్పు చేటతో కూర్చున్న చోటినుంచే. "పదకొండు సార్లు. కొత్త కుక్కరు కదా, అలా తీసి పెట్టడం కూడా వంటలో భాగమేమో అనుకున్నా."

కోడలు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. వీరబ్రహ్మం నవ్వలేదు. తన కుడిచేతి వంక చూసుకున్నాడు. వాసన కోసమే తీశానని ఇప్పటిదాకా నమ్మాడు. మొదటి మూడుసార్లు అది నిజమే. తర్వాతవి ఎందుకో ఆ చేతికే తెలుసు. ముట్టుకోకూడదని ఉదయమే విన్నది ఆ చెయ్యి. వెళ్ళాలని నోరు అంటుంటే, ఉండిపోవాలని చెయ్యి మూత తీస్తోంది. ఇంతకు ముందు నెపం షావుకారు గారి మాట మీద పెట్టేవాడు. ఇవాళ పెట్టడానికి ఎవరూ లేరు.

"అమ్మా, నేనిక్కడుంటే ఇది ఉడకదు," అన్నాడు. "స్టేషన్లో కూర్చుంటాను. మూత పెట్టెయ్యి."

"అటునుంచటే రైలెక్కేయరు కదా?"

"సంచి ఇక్కడే ఉందిగా!"

ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ నీడలో ఉంది. కూర్చున్నాక కుడిచెయ్యి ఒళ్ళో నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతోందని గమనించాడు. ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు. ఫోన్ మోగింది.

"అన్నయ్యా, బయల్దేరావా?" అంది లోవలక్ష్మి.

"లేదు. ఉడుకుతోంది."

"ఏంటి ఉడికేది? నువ్వా, సాసా?"

"రెండూ."

"ఇదిగో, నీ గదికి సున్నం వేయించడం ఇది మూడోసారి. ఇప్పుడు రాకపోతే అందులో కొబ్బరికాయలు పోయించేస్తా. తర్వాత వచ్చి కాయల మీద పడుకో!"

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే చెయ్యి ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

నాలుగు కావస్తుండగా వెనక వాకిట్లో అడుగుపెట్టాడు. వాసన అక్కడికే ఎదురొచ్చింది. పచ్చి లేదు. బెల్లం అడుగున ఉంది, పైకి రాలేదు. అలాగే ఉండాలి. చివరి గంట సాయిప్రసన్న మూత ఓరగా పెట్టి నీరు ఇగరనిచ్చింది. ఇప్పుడు పప్పుగుత్తితో మెదిపి జల్లెడలో వడకడుతోంది. బుగ్గ మీద ఎర్రటి చుక్క. అతను గుమ్మం దాటలేదు.

పటం ముందు చెంచా పెట్టారు. బడి వదిలింది. పిల్లలు తిన్నారు, సంచులు ఊపుకుంటూ వెళ్ళారు. ఎవరూ ఏమీ అనలేదు. గల్లా దగ్గర కూర్చుని ఒక్కొక్క మొహమూ చూస్తున్న రాజమౌళి చివరికి లేచి వెనక్కి వచ్చాడు.

"బాగానే కుదిరిందయ్యా," అన్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా. "ఇంకేం చెప్పి ఆపను నిన్ను?"

వీరబ్రహ్మానికి లోపల ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. అది పెద్దదవుతుందేమోనని కాసేపు చూశాడు. అవలేదు.

సంచి తీసుకుని వస్తుంటే సాయిప్రసన్న అడ్డొచ్చింది. అతన్ని ముందువైపు, తినడానికొచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద కూర్చోబెట్టి, స్టీలు ప్లేటులో పఫ్ పెట్టి సాస్ వేసింది. ఆ బెంచీ మీంచి బేకరీ ఎలా కనబడుతుందో అతను మొదటిసారి చూశాడు. తుంపి, అద్దుకుని, నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఇంతకాలం ఇంతమందికి తను పెట్టింది ఇదన్నమాట!

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "ఏమైనా తక్కువైందా బాబాయ్ గారూ?"

అతను ప్లేటు ముందుకు చాపాడు. "ఇంకొంచెం వెయ్యమ్మా."

ఆమె మురిసిపోయి ఇంకో గరిటె వేసింది. లోపల ఎవరో కేకేస్తే వెళ్ళింది. పనిలో పడి తిరిగి వచ్చేసరికి స్టేషన్లోంచి పాసింజరు కూత వేసుకుంటూ కదిలిపోతోంది. బెంచీ మీద ప్లేటు ఒక్కటే ఉంది, అంచుల దాకా వేలితో తుడిచి, ఎర్రటి చార ఒక్కటి కూడా లేకుండా.