చక్రం కింది దిమ్మ

విమానం ఆగగానే ముందుచక్రానికి అటూ ఇటూ చెక్కదిమ్మలు నెట్టి, కాలితో తన్ని చూసుకుని, సినిమాయన బొటనవేలు పైకెత్తాడు. పైలట్ చూడనైనా లేదు. సినిమాయన నడుం పట్టుకుని మెల్లగా లేచాడు.

సినిమాయన అన్న పేరు వీధివాళ్లు పెట్టింది. తన కుర్రతనంలో ఈ విమానాల మైదానంలోనే తీసిన ప్రేమకథా సినిమాలో, పైలట్ హీరో ఎగిరిపోయే ముందు దిమ్మ లాగేది తానేనని పెళ్లికి ముందే, కాబోయే భార్యతో గొప్పలు పోయాడు. తెరమీద ఆ మనిషి వీపు తప్ప కనిపించదు కనుక అబద్ధం అతికినట్టు సరిపోయింది. సాక్ష్యంగా తాడు కట్టిన దిమ్మ ఒకటి కూడా ఇంటికి మోసుకొచ్చాడు.

నిజానికి ఆ రోజు వద్దన్నకొద్దీ కెమెరా వైపు చూసి నవ్వాడు. "ఈ నవ్వులమొహాన్ని అవతలికి పంపండయ్యా!" అని దర్శకుడు అరిస్తే మైదానమంతా నవ్వింది. ఇంకెవరినో పెట్టుకున్నారు. ఆ సిగ్గు దాచుకోవడానికి అబద్ధం, ఆ తర్వాత అబద్ధానికి సిగ్గు.

సాయంత్రం ఇంటికొస్తే టీవీలో ఆ సినిమాయే. మంచంమీద చిక్కి సగమైన భార్య, దిండు సర్దుతూ పక్కింటి కోడలు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రండి, మీ సీనొస్తోంది," అంది భార్య.

హీరోయిన్ జుట్టు ఎగురుతుండగా పరుగెత్తుకొచ్చింది. వీపు చూపిస్తున్న మనిషి వంగి, ఎడమచేత్తో తాడుపట్టి దిమ్మ లాగాడు.

"బాబాయ్‌గారిది కుడిచేతి వాటం కదా పిన్నీ?" అంది కోడలు.

ఆయన తల దించుకున్నాడు.

"ఆ రోజు కుడిచేతికి దెబ్బ తగిలిందమ్మా. అయినా పని మానలేదు," అంది భార్య, తడుముకోకుండా.

ఆయనకు చచ్చేంత సిగ్గేసింది. కోడలు వెళ్లాక అడిగాడు. "నీకు తెలుసా?"

"మొదటిసారి చూసినప్పుడే. అది మీ మెడ కాదు."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇంకో అబద్ధం చెబుతారు. ఒకటైతే మోయగలననుకున్నా."

ఆయన జరిగినదంతా చెప్పాడు. ఆమె దగ్గుతూనే నవ్వింది. "నవ్వినందుకా! అప్పుడే చెప్పుంటే ఇన్నాళ్లూ ఇద్దరం నవ్వుకునేవాళ్లం కదండీ."

మంచినీళ్లు అడిగింది. గ్లాసుతో తిరిగొచ్చేసరికి కళ్లు మూసుకుని ఉంది. పిలిచాడు. మళ్లీ పిలిచాడు. గ్లాసు కింద పెట్టాలని కూడా ఆయనకు తోచలేదు.

వచ్చేపోయే జనం కోసం పక్కింటి కోడలు తలుపు బార్లా తెరిచి, అది మూసుకోకుండా కింద ఇంట్లో ఉన్న ఆ దిమ్మనే నెట్టింది. ఇన్నేళ్లూ భార్య తుడిచి తుడిచి నునుపెక్కిన ఆ దిమ్మకు, ఎవరూ పట్టి లాగని తాడు కొస మాత్రం ఇంకా కొత్తగానే ఉంది.