మ్యాపులో మంచినీళ్లు

ఆకాశం నుంచి సముద్రంలో ఉప్పు కొలవడం అక్క ఉద్యోగం. నీటి పైపొర నుంచి సన్నటి రేడియో సంకేతం తనంతట తానే వెలువడుతూ ఉంటుంది. ఉప్పు ఎక్కువైన కొద్దీ అది నీరసపడుతుంది. ఉపగ్రహం దాన్ని పట్టి కిందికి పంపిస్తుంది. అంతా బాగానే ఉంది గానీ, రేవు దగ్గర మాత్రం మ్యాపులో సముద్రం మంచినీళ్లలా కనిపించేది. ఆ చుట్టుపక్కల వాగైనా లేదు.

"కొత్త నదిని పుట్టించారా మేడమ్?" అని డైరెక్టరు అందరి ముందూ నవ్వాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఆరా తీస్తే దొంగ ఇంట్లోనే దొరికింది. రేవులో పడవలకు దారి చూపే పాత రాడార్ తన తరంగాల హద్దు దాటి ఉపగ్రహం వినే తరంగాల్లో రొద చేస్తోంది. ఆ రొద కలిసి సంకేతం బలపడి, నీళ్లలో ఉప్పే లేనట్టు కనిపిస్తోంది. ఆ రాడార్ ముందు కూర్చునేది సొంత చెల్లెలు.

"రొదను ఆపే ఫిల్టరు పాడైంది అక్కా. కొనమని అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది. ఈ పొగమంచు రోజులు పోనీ, నేనే ఆపించేస్తా."

"అప్పటికి నా సదస్సు అయిపోతుందే."

"పడవల్లో మనుషులుంటారు. నీ మ్యాపులో ఉండరు."

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. అక్క ఇంటికొచ్చి పైవాళ్లకు ఫిర్యాదు పంపింది. ఆ తరంగాల్లో ఎవరూ రొద చేయకూడదన్న చట్టం ఆమె వైపే ఉంది. రాడార్ ఆగింది. మ్యాపు తేటగా వచ్చింది. సదస్సులో చప్పట్లు కొట్టారు.

ఆ వారమే పొగమంచులో, ఓడల్ని లాగే ఓ టగ్గు పడవ రాతిగట్టుకు గుద్దుకుంది. నడిపే అతను మునిగిపోయాడు. అధికారులు చేతులు దులిపేసుకున్నారు. ఆ పూట రేడియోలో దారి చెబుతున్నది చెల్లెలు కాబట్టి, తప్పంతా ఆమె నెత్తిన రుద్ది ఉద్యోగంలోంచి తీసేశారు.

అక్క పరుగున వెళ్లింది. చెల్లెలు గుమ్మంలోంచి పక్కకు జరగలేదు.

"రాడార్ ఆపించింది నేనేనని రాసిస్తానే."

"రాసివ్వు. వాళ్లకు తెలియకనా? అతని భార్యక్కూడా చెబుతావా? నిన్న వచ్చింది. 'మీరు చూస్తూ ఉంటారనే ధైర్యంతో పంపేదాన్ని' అంది."

చెల్లెలు తలుపు సగం మూసింది.

"వెళ్లక్కా. లోపల పనుంది."

అక్క రాసిచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. నెల తిరక్కుండానే రేవువాళ్లు కొత్త రాడార్ కొన్నారు, మంచి ఫిల్టరుతో సహా. అది పడవలకు దారి చూపిస్తుంది, ఉపగ్రహానికి అడ్డురాదు. దాని ముందు ఎవరో కొత్తాయన కూర్చుంటున్నాడు.

చెల్లెలు బట్టల కొట్లో బిల్లులు కొడుతోంది. అక్క రెండుసార్లు ఆ వీధిదాకా వెళ్లింది. అద్దంలోంచి ఆమెను చూసింది గానీ, లోపలికి అడుగు పెట్టలేకపోయింది.