ఏడో నంబరు కవరు

నాలుగో నంబరు స్తంభం దగ్గర లాజరు తాడు కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ముడి విడిపోయి కవరు చేతిలోకి జారింది. జారాలి. ఒక్క లాగుకి రాని ముడి ఎంత ముచ్చటగా ఉన్నా దండగేనని ఆయన నమ్మకం. పదకొండేళ్లుగా ఈ జెట్టీ మీద పధ్నాలుగు కవర్లకీ అదే ముడి వేస్తున్నాడు.

లోపల ఎర్రబుడ్డి. మంటలార్పే ఆ సిలిండరుకి ఆఫీసు కాగితాల్లో నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి ఉంది గానీ, జెట్టీ మీద అందరికీ అది ఎర్రబుడ్డే. సైకిలు హ్యాండిలుకి తగిలించుకొచ్చిన డబ్బాలోంచి మంచినీళ్లు గుడ్డ మీద పోసుకుని, మెడ దగ్గర్నుంచి కిందదాకా తుడిచాడు. తర్వాత పొడిగుడ్డ. పిన్నుకి వేలికొసతో కాస్త గ్రీజు. మీటరు ముల్లు పచ్చరంగు మీదే ఉందని చూసుకుని, బుడ్డిని ఒళ్లో తలకిందులుగా పెట్టుకుని అడుగున అరచేత్తో నాలుగు దెబ్బలు వేశాడు. అలా తట్టకపోతే లోపలి పొడి గడ్డకట్టుకుపోతుంది.

"చంటిపిల్లకి తేన్పు తెప్పించినట్టుందండి మీ వ్యవహారం" అంది టీ బడ్డీ నాగదుర్గ, ఎప్పటిలాగే. రెండు నెలల తర్వాత ఆ ఎగతాళి వినపడేసరికి లాజరుకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

మొగల్తూరు దాటాక, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంది ఆ జెట్టీ. అక్కడి ఉప్పుగాలికి తలుపు గొళ్లేలే ఏడాదికి మించి ఉండవు. మొదట్లో జెట్టీ ఆఫీసువాళ్లు ఎర్రబుడ్లకి బజారు కవర్లు కొనిచ్చారు. మొదటి రోహిణికార్తెకే అవి అప్పడాల్లా విరిగాయి. అప్పుడు లాజరుకి ఫ్లెక్సీలు కనబడ్డాయి. ఊళ్లో వాటికి కరువేముంది? నాయకుల పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, స్వాగతాలు. పని తీరిపోయిన ఫ్లెక్సీలు అడిగి తెచ్చుకునేవాడు. తెల్లటి వైపు బయటికొచ్చేలా ఆయన భార్య దేవకుమారి మిషను మీద కుట్టేది. చేతులు జోడించిన నాయకులంతా లోపల బుడ్లని కావిలించుకుని ఉండిపోయారు. వాళ్లు జనానికి పనికొచ్చింది ఇప్పుడేనని నాగదుర్గ అంటుంది.

కవరుకి అడుగు మూయకూడదు. అది లాజరు పెట్టిన చట్టం. అడుగు మూస్తే రాత్రి పట్టిన చెమ్మ, గాలిలోని ఉప్పు కిందికి దిగి అక్కడే నిలవుంటాయి. పైన ఎండకి కాపాడాం కదా అనుకుంటాం, కింద ఇనుము పుచ్చిపోతూ ఉంటుంది. అందుకని పధ్నాలుగు కవర్లకీ కింద గాలాడేలా నోరు వదిలి కుట్టమని చెప్పేవాడు. దేవకుమారి అలాగే కుట్టేది, ఒక్కదాన్ని తప్ప.

ఆ ఒక్కటీ పోయిన క్రిస్మస్ తర్వాత చర్చివాళ్లు ఇచ్చిన ఫ్లెక్సీ. దాని మీద అడ్డంగా పెద్దక్షరాలతో బైబిలు వాక్యం ఉంది. కొలత ప్రకారం కత్తిరిస్తే కత్తెర వాక్యం మధ్యలోంచి పోతుంది. దేవకుమారికి చెయ్యి రాలేదు. లూథరన్ చర్చిలో పుట్టి పెరిగిన మనిషి. వాక్యం అచ్చయిన కేలండరు కాగితాన్ని కూడా పొట్లం కట్టనివ్వదు. అందుకని ఎక్కువైన జానెడూ కోయకుండా కిందికి మడిచి కుట్టేసింది. కవరు అడుగు మూసుకుపోయింది. లాజరు చూశాడు, ఏదో అనబోయాడు, ఊరుకున్నాడు. రోజూ తుడిచేది తనే కదా, ఇంకాస్త గట్టిగా తుడిస్తే సరిపోతుందిలే అనుకున్నాడు. అదే ఏడో నంబరు కవరు.

ఏప్రిల్‌లో ఏటా ఉండే రెండు నెలల చేపల వేట నిషేధం మొదలైన వారానికే ఆయనకి గుండెలో నొప్పొచ్చింది. భీమవరం ఆస్పత్రిలో తొమ్మిది రోజులున్నాడు. బిందె కూడా ఎత్తొద్దని డాక్టరు చెప్పి పంపాడు. అప్పట్నుంచీ ఇంట్లోనే ఉన్నాడు. ఈ రోజుతో నిషేధం అయిపోతోంది. అరవై బోట్లు డీజిలుకీ ఐసుకీ వరసకట్టాయి. నాలుగింటికి ఫైరాఫీసరు వచ్చి చూసి సంతకం పెడితేగానీ డీజిల్ బంకు తెరవరు.

"వారం ఆగి వెళ్లకూడదా ఏంటండీ?" అంది పొద్దున్న దేవకుమారి, కేరేజీ కడుతూ.

"మంట వారం ఆగుద్దా?" అన్నాడు లాజరు.

పదకొండింటికి ఆయన ఏడో నంబరు దగ్గరికొచ్చాడు. అది డీజిల్ బంకుని ఆనుకునే ఉన్న స్తంభం. మంటంటూ వస్తే ఎవరైనా ముందు చెయ్యేసేది దాని మీదే. ముడి లాగాడు. కవరు బరువుగా దిగింది. అడుగు మడతలో గ్లాసుడు నీళ్లున్నాయి, నాలిక్కి తగిలించుకుంటే ఉప్పు. బుడ్డిని ఒళ్లో బోర్లించి, తట్టడానికి అరచెయ్యి ఎత్తి ఆగిపోయాడు. అడుగంతా పొక్కులు లేచి ఉంది. వేలితో రాస్తే తుప్పు రేకులు రేకులుగా ఊడొచ్చింది. లోపల ఒత్తిడి నిండుగా ఉంది, ముల్లు పచ్చమీదే ఉంది. గట్టి దెబ్బ తగిలినా, ఎవరైనా కంగారులో కింద పడేసినా అడుగు ఊడి పేలుతుంది. నమ్మి పట్టుకున్నవాడి కాళ్లో, కళ్లో పోతాయి.

ఆయనకి సిగ్గేసింది. పదకొండేళ్లలో ఒక్క బుడ్డీ చెడనివ్వలేదని నలుగురిలో చెప్పుకున్న మనిషి. చెడగొట్టింది ఉప్పుగాలి కాదు, తను చూసి కూడా ఊరుకున్న మడత. దేవకుమారి మీద కోపం రాలేదు. ఆ రోజు ఒక్కమాట చెప్పి ఉంటే ఆవిడే వేరే గుడ్డ చూసేది.

సూపర్‌వైజరు హరిబాబు ఫోను చెవిన పెట్టుకునే వచ్చి చూశాడు. ముప్పయ్యేళ్లవాడు. చెడ్డవాడేం కాదు, పొద్దుట్నుంచీ అరవై బోట్లవాళ్లూ ఆయన్నే పీక్కుతింటున్నారు.

"కొత్తది రావాలంటే రెండ్రోజులు పడుద్దండి లాజరుగారూ. ఖాళీ కొక్కెం కనబడితే ఫైరాఫీసరు సంతకం పెట్టడు. ఇవాళ్టికి దాన్నే తగిలించి కవరేసెయ్యండి. మీ కవరుంటే విప్పి చూడరు కూడానండి."

ఆ చివరి మాట లాజరు గుండెల్లో గుచ్చుకుంది. నిజమే, ఆయన కవరుకి అంత పేరుంది.

"మీ ఆఫీసు గదిలో కొత్తదుందికదండి. దాన్నిక్కడ పెడదామండి."

"అప్పుడక్కడ కొక్కెం ఖాళీగా ఉంటుంది. ఆయన కూర్చునేదే అక్కడండి బాబూ!"

"అక్కడ ఖాళీ చూస్తే ఆయన నన్నడుగుతారండి. జవాబు చెప్పుకుంటాను. ఇక్కడిది పేలితే ఎవరికేం జవాబు చెబుతామండి?"

హరిబాబు ఫోను మళ్లీ మోగింది. "మీ ఇష్టమండి, నేనైతే చూళ్లేదు" అని ఐసు ఫ్యాక్టరీ వైపు వెళ్లిపోయాడు.

లాజరు పాత బుడ్డిని రెండు చేతులతో మెల్లగా తీసుకెళ్లి, మనుషులు తిరగని ఇసక దిబ్బ మీద పడుకోబెట్టి, సుద్దతో దాని మీద పెద్ద ఇంటూ గీశాడు. ఆఫీసు అక్కడికి రెండు వందల గజాల దూరం. కూలీలంతా ఐసు మోస్తున్నారు. ఎవర్నన్నా పిలిస్తే వచ్చేవాళ్లే. పిలవలేదు. తన తప్పు తనే మొయ్యాలనుకున్నాడో, ఇన్నాళ్ల అలవాటో. ఏసీ గదిలో ఒక్కనాడూ ఉప్పుగాలి తగలని కొత్త బుడ్డిని భుజానికెత్తుకుని దారిలో మూడుసార్లు ఆగాడు. మూడోసారి చాలాసేపు ఆగాడు.

దాన్ని ఏడో నంబరు కొక్కేనికి తగిలించి, కవరు ఒళ్లో పెట్టుకుని జేబులోంచి చాకు తీశాడు. తీసి అలాగే కాసేపు కూర్చున్నాడు. పెదాలు కదిలాయి. తర్వాత అడుగు మడత పొడుగునా, వాక్యం అక్షరాల మధ్యలోంచి, తిన్నగా కోశాడు.

నాగదుర్గ చూసింది. "వాక్యం కదండీ! కోసేశారేంటండీ?"

"గాలాడాలమ్మా." ఊడొచ్చిన ముక్కని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "మీ దేవకుమారిగారికి నువ్వు చెప్పకు. సాయంత్రం నేనే చెబుతాను."

కవరు తొడిగి ముడి వేశాడు. మిగతా ఏడు బుడ్లూ తుడవడం పూర్తిచేసేసరికి రెండు దాటింది. మళ్లీ ఏడో నంబరు దగ్గరికొచ్చి, స్తంభానికి ఆనుకుని ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. నాగదుర్గ టీ పోసి ఆయన పక్కన గట్టు మీద పెట్టింది. కాసేపాగి చూస్తే కళ్లు మూసుకుని ఉన్నాడు. పాపం అలిసిపోయాడని గ్లాసు మీద మూత పెట్టింది.

నాలుగింటికి ఫైరాఫీసరు ఆఫీసు గదిలోకి రాగానే ఖాళీ కొక్కెం కేసి చూశాడు. హరిబాబుకి అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది, కానీ బయటికి రాలేదు.

"ఏడో నంబరుది అడుగు పోయిందండి. ఇక్కడిది తీసి లాజరుగారు అక్కడ పెట్టారండి."

ఆఫీసరు బంకు దగ్గరికి నడిచి, ఏడో నంబరు ముడి ఒక్క లాగు లాగాడు. బుడ్డిని పైనుంచి కిందిదాకా చూశాడు. "డీజిలు పక్కనుండాల్సిందే ఇది. ఆఫీసుకి రెండ్రోజుల్లో ఇంకోటి తెప్పించండి" అని సంతకం పెట్టి, "ఎవరండీ ఈయన?" అంటూ పీట మీది మనిషి కేసి తిరిగాడు. హరిబాబు నవ్వుతూ వెళ్లి లాజరు భుజం తట్టాడు. తట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పక్కన టీ మూత తియ్యకుండానే చల్లారిపోయి ఉంది.

తెల్లవారి బోట్లు వేటకెళ్లాయి. లాజరుని చర్చి వెనక సమాధుల దొడ్లో పెట్టారు. ఆయన చొక్కా జేబులో కళ్లజోడు, చాకు, నాలుగు మడతల ఫ్లెక్సీ ముక్క ఉన్నాయని ఇచ్చారు. దేవకుమారి ముక్క విప్పి చూసింది. సగానికి తెగిన అక్షరాలు. తన చేత్తో మడిచి కుట్టిన అంచు. కుట్టు పొడుగునా తుప్పుమరక. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ చాలాసేపు ఏడ్చింది. ఆ ముక్కని బైబిల్లో పెట్టుకుంది.

నాలుగోనాడు దారం, సూదీ పట్టుకుని జెట్టీకొచ్చింది. నాగదుర్గ పీట తెచ్చి వేసింది. చాకుతో కోసిన అంచు అప్పుడే పోగులు లేస్తోంది. దేవకుమారి కవరుని ఒళ్లోకి తీసుకుని, సన్నగా మడుస్తూ కుట్టడం మొదలుపెట్టింది.

హరిబాబు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఆ రోజు నేను మోసుండాల్సిందండి" అన్నాడు. ఆవిడ ఇంకో కుట్టు వేసింది. మళ్లీ ఆయనే అన్నాడు, "బోట్లకి ఐసు కొడుతుంటే ఆ పొడి కిందనుంచి లోపలికి పడుతోందండి. అడుగు కూడా మూసేస్తారా అండీ?"

"లేదు బాబూ" అంది దేవకుమారి. "గాలాడాలి."

దారం పంటితో తెంపి, కవరు తొడిగి, ఆయన వేసే ముడే వేసి వెళ్లిపోయింది. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి మళ్లింది. ఏడో నంబరు కవరు కిందనుంచి గాలి నింపుకుని, కొత్త కుట్టు కనపడేలా కొంచెం ఉబ్బి, మళ్లీ మెల్లగా బుడ్డిని అంటుకుంది.