చేతిలో ఉన్న రికార్డు

ఆఖరి దుప్పటి మడత పడేసరికి ఇస్త్రీ అక్క ఎడమ చెయ్యి మళ్ళీ తిమ్మిరెక్కింది. ఆమె దాన్ని లెక్కచెయ్యలేదు. కుడిచేత్తోనే ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, వైరు చుట్టి, దుప్పట్ల దొంతరను తోపుడుబండి మీదికి నెట్టింది. ఆస్పత్రి అడుగున కిటికీలు లేని ఈ ఆవిరిగదిలోనే ఆమె వయసంతా గడిచింది. పై అంతస్తుల్లో గుండెలు చూసే డాక్టర్లు కూడా ఆమెను ఇస్త్రీ అక్క అనే పిలుస్తారు. వాళ్ళలో ఒకాయన పోయినవారం నాడి పట్టుకుని చూసి, ఉన్నపళంగా మంచం ఎక్కమన్నాడు. ఆదివారం సంత అయ్యాక చూద్దాంలెండి అని ఆమె మెల్లిగా జారుకుంది. ఇంట్లో చెల్లెలు గోలపెడితే, పైన పడుకుంటే నేను ఇస్త్రీ చేసిన దుప్పటే నాకు కప్పుతారు, అది నలిగిపోతుంటే చూస్తూ ఎలా పడుకోనే అని నవ్వేసింది.

సంత అంటే కూరగాయల సంత కాదు, పాత రికార్డుల సంత. మూతపడిన బస్సు షెడ్డులో ఏడాదికోసారి పెడతారు. బారుగా వేసిన బల్లలు, వాటిమీద అట్టపెట్టెలు, పెట్టెల నిండా నిలువుగా పేర్చిన రికార్డులు. సేకరించేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు వంగి, పక్కవాడివైపు కన్నెత్తి చూడకుండా వేళ్ళతో అట్టలు తిప్పుతుంటారు. వాళ్ళ మధ్యలో తల నెరిసిన ఈ మనిషిని మొదట్లో అందరూ ఎవరికోసమో వచ్చిందనుకున్నారు. జోలపాటలు కావాలా అమ్మా అని ఒకాయన మర్యాదగా అడిగాడు కూడా. ఆమెకు కావలసినవి బూరలూ డ్రమ్ములూ దద్దరిల్లే డాన్సు పాటలు. ఈ వయసులో ఇవేం పాటలమ్మా అన్నవాడిని, మరి ఆడే వయసులో విననిచ్చారా అని ఎదురడిగింది. ఆ తరవాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

అడిగిందంటే ఊరికే అడగలేదు. పెళ్ళయిన కొత్తలో, మొదటి జీతం చేతికొచ్చినరోజున, ఒక హోటలు బ్యాండువాళ్ళు సొంతంగా వేయించుకున్న రికార్డు ఒకటి కొనుక్కుంది. సాయంత్రం కిటికీ తెరిచి, పాట పెట్టుకుని, ఒక్కతే ఆడింది. ఎదురింటివాళ్ళు చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే మొగుడు ఇంటికొచ్చాడు. ఆయన కొట్టనూలేదు, తిట్టనూలేదు. పొయ్యి పక్కన కాగుతున్న ఇస్త్రీపెట్టె తీసుకొచ్చి, రికార్డు మీద ఆనించి, తాపీగా అటూ ఇటూ తిప్పాడు. గది నిండా కమురు వాసన. ఇంకోటి కొంటాను అంది ఆమె. కొను చూద్దాం అన్నాడాయన. మొగుడు పోయి ఎన్నో ఏళ్ళయింది. గోడ నిండా రికార్డులు చేరాయి గాని అది మాత్రం దొరకలేదు. పోయినవాడి మీద ఇంకా ఏం పంతమే అని చెల్లెలు విసుక్కుంటే, "ఆయన పోయాడు, నా పంతం పోలేదుగా," అంటుంది.

ఈ సంతకు ఒక కట్టుబాటుంది. గంట కొట్టేదాకా బేరాల్లేవు, చూసుకోవడమే. నచ్చినదాన్ని చేత పట్టుకోవాలి. చేతిలో ఉన్నంతసేపూ అది వాళ్ళది. కింద పెట్టినా, ఇంకొకరికి ఇచ్చినా హక్కు పోయినట్టే, ఎవరైనా ఎత్తుకోవచ్చు. సొంత అక్కాచెల్లెళ్ళయినా సరే చేతులు మారడం కుదరదు.

చెల్లెల్ని వెంటబెట్టుకుని ఇస్త్రీ అక్క మూడో వరసలో రెండు పెట్టెలు చూసిందో లేదో, వేళ్ళు ఆగిపోయాయి. ఆకుపచ్చ అట్ట, తెల్లకోట్లలో బ్యాండువాళ్ళు, మూలన వంకరగా నిలబడ్డ బూరవాడు. అదే. లాగి గుండెలకు హత్తుకుంది. చెల్లెలు ముఖంలోకి చూసి విషయం అర్థం చేసుకుని, ఆమె చేతిసంచి తను తీసుకుంది.

కోటాయన కూడా చూశాడు. ఎండలు మండిపోతున్నా కోటు విప్పని ఈ పెద్దమనిషికి ఊళ్ళో రికార్డుల దుకాణం ఉంది. ఆ రికార్డు కోసం ఆయనా చాలాకాలంగా తిరుగుతున్నాడు. పక్కకు వచ్చి, మీ దగ్గర లేనివి ఏవైనా ఇస్తాను, మార్చుకుందాం అని బతిమాలాడు. కుదరదని తేలాక పోట్లాట పెట్టుకోలేదు, నాలుగడుగుల దూరంలో నిలబడి ఆమె చేతుల్నే కనిపెట్టుకుని ఉన్నాడు. పాపం, ఆయన ఆశ ఆయనది. ఆమె నుదుటిమీద చెమట ఆయన కంటా పడింది.

ఇస్త్రీ అక్కకు ఎడమచేతిలో మొదలైన నొప్పి మెడదాకా పాకింది. చెల్లెలు ఆమెను నడిపించుకెళ్ళి, పాటలు వినడానికి పెట్టిన రికార్డు ప్లేయరు పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది.

"అది అవతల పెట్టి ఆస్పత్రికి పద అక్కా. నీకు దండం పెడతా."

"గంట కొట్టనీ. కొనుక్కునే వస్తా."

"ఈలోగా ఏమైనా అయితే?"

"అయితే అవనీ. దీన్ని మాత్రం కింద పెట్టను."

చెల్లెలు నీళ్ళ కోసం వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఇస్త్రీ అక్క ప్లేయరు వైపే చూస్తోంది. ఆ పాట విని ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు వినాలనిపించింది, ఇంటికెళ్ళాక కాదు. కాని ప్లేయరు మీద పెడితే చేతిలోంచి వదిలినట్టే కదా. ఆమె అట్టలోంచి రికార్డు బయటికి తీసి, తన చేత్తోనే ప్లేయరు మీద పెట్టి, ఖాళీ అట్ట మాత్రం రెండు చేతులా పట్టుకుంది. కోటాయన ఒక్క అంగలో వచ్చాడు. వదిలేశారు, రికార్డు కింద పెట్టేశారు అని అందరికీ వినబడేలా అన్నాడు. పదిమంది పోగయ్యారు. పోయిందని కొందరు, పోలేదని కొందరు. చివరికి గంట కొట్టే పెద్దాయన్ని పిలిచారు. ఇలాంటి పేచీ ఆయనకూ కొత్తే. ప్లేయరు మీది రికార్డునూ ఆమె చేతుల్లోని అట్టనూ మార్చి మార్చి చూశాడు.

"అట్ట చేతిలో ఉంటే రికార్డు చేతిలో ఉన్నట్టే. ఆవిడది ఆవిడదే," అని తేల్చేశాడు.

"విన్నావా కోటుబాబూ," అంది ఇస్త్రీ అక్క. ముఖం పాలిపోయి ఉంది గాని కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. వంగి సూది తానే దించింది.

ముందు డ్రమ్ము, వెనకే బూర. షెడ్డంతా దద్దరిల్లింది. ఆమె చెప్పులు విడిచి, కూర్చున్నచోటే పాదాలతో తాళం వేసింది. లయ ఒక్కచోట కూడా తప్పలేదు. అట్టలు తిప్పేవాళ్ళు తిప్పడం ఆపి చూశారు. చూస్తే చూశారు, ఆమెకు సంతోషంగా ఉంది. ఆనాడు కిటికీ దగ్గర సగంలో ఆగిపోయిన పాట ఇవాళ చివరిదాకా వింటోంది. రెండోసారి బూర అందుకునేసరికి పాదాలు నెమ్మదించాయి. కళ్ళు మూసుకుంది. పాటలో పడిపోయిందనుకుని చెల్లెలు కదపలేదు.

పాట అయిపోయింది. అక్క కళ్ళు తెరవలేదు. చెల్లెలు భుజం మీద చెయ్యి వేసింది, తరవాత చెంప తాకింది. తాకగానే తెలిసిపోయింది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడి, చిన్నప్పటిలా అక్కా అక్కా అని పిలుస్తూ ఏడ్చింది.

ఆస్పత్రి బండి వచ్చింది. బండివాళ్ళు ఇస్త్రీ అక్కను గుర్తుపట్టారు. పడుకోబెట్టేటప్పుడు అట్ట తీసెయ్యబోతే వేళ్ళు పట్టు వదల్లేదు. దాన్ని అలాగే ఉండనివ్వండి అంది చెల్లెలు. వాళ్ళు అట్టతోనే తీసుకెళ్ళారు.

వేళయింది. పెద్దాయన గంట కొట్టాడు గాని, బేరాలు వెంటనే మొదలవలేదు. ఆ రికార్డు అమ్మకానికి తెచ్చిన బల్లమనిషి కోటాయన దగ్గరికి వచ్చి, ఇక అడ్డేముంది, తీసుకోండి సార్ అన్నాడు. కోటాయన ప్లేయరు దగ్గరికి వెళ్ళాడు, చెయ్యి చాపాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"అట్ట ఆవిడ చేతిలో ఉంది," అన్నాడు.

ప్లేయరు మీద ఆ నల్లటి రికార్డు, చివరి గాడిలో సూది గరగరమంటుంటే, తిరుగుతూనే ఉంది.