ఏడో రొట్టె

నూనె కాగుతోంది. సైరాగుల్ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని పిండిముద్దను అరచేతిలో అదిమి బిళ్ళ చేస్తోంది. నుదుటి ముడతల్లో పిండి ఇరుక్కుంది. గురువారం కదా, పోయినవాళ్ళు ఇళ్ళ చుట్టూ తిరిగే రోజు. వాళ్ళకు తిండి అక్కర్లేదు, కాగిన నూనె వాసన చాలు. ఏడు రొట్టెలు వేయించాలి, ఒక్కోదానికీ ఒక పేరు చెప్పాలి, చుట్టూ ఉన్నవాళ్ళు తుంచుకుని తిని దువా చదవాలి.

ఆమె వేసవంతా కొండ కింద గుడారాల బసలో అంట్లు తోముతుంది. బస నడిపే తాలాయ్ కన్ను ఈమధ్య ఈ రొట్టెల మీద పడింది, యాత్రికుల ముందే వేయించమన్నాడు.

"అవ్వా, ఇవాళ కాస్త పొగ ఎక్కువ రానీ. ఫోటోల్లో బాగుంటది."

"నీ మొహం! పోయినోళ్ళు ఫోటో దిగడానికొస్తారంట్రా?"

వాడు పకపకా నవ్వాడు. బసకొచ్చినవాళ్ళ ఫోన్లు పైకి లేచాయి. రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన జిల్దిజ్ అనే పిల్ల మాత్రం ఫోను సంచిలో పడేసి, తలకు రుమాలు చుట్టుకుని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

అమ్మ, నాన్న, అత్త, మామ, పెనిమిటి, పురిట్లోనే పోయిన పాప. ఆరు పేర్లయ్యాయి. ఏడోదాన్ని సైరాగుల్ ఎప్పటిలాగే ఏ పేరూ చెప్పకుండా నూనెలోకి జార్చింది.

కొడుకు మెదెర్ మాస్కోలో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళాడు. ఏళ్ళు గడిచినా కబురు లేదు. వెళ్ళేనాడు ఆచారం ప్రకారం రొట్టె ఒక్క కొరుకు కొరికాడు. మిగిలింది ఇంట్లో గోడకు వేలాడుతోంది, వాడొచ్చి తినాలి. బతికున్నవాడి పేరు నూనె మీద చెబితే తల్లే చేజేతులా చంపుకున్నట్టు. పోయినవాడి పేరు చెప్పకపోతే అక్కడ వాడికి పస్తు. పాపం, ప్రతి గురువారం ఈ రెంటి మధ్యా నలిగిపోయేది.

"అవ్వా, ఇది ఎవరి పేరున?" జిల్దిజ్ మెల్లగా అడిగింది. "మా నాయనమ్మ నేర్పిన దువా ఒక్కటే వచ్చు నాకు. తప్పు చదివితే దిద్దు. పేరు చెప్పు, చదువుతా."

ఇన్నేళ్ళలో అలా అడిగినవాళ్ళు లేరు. సైరాగుల్ గరిటె పక్కన పెట్టింది.

"మెదెర్. నా కొడుకు."

తాలాయ్ నవ్వు ఆగిపోయింది. వాడూ మెదెరూ చిన్నప్పుడు ఒకే గుర్రమెక్కి తిరిగినవాళ్ళు.

"ఏంటవ్వా ఆ మాట! వస్తాడు వాడు."

"రాడ్రా నాయనా. ఆకలితో ఉన్నాడు. తిననీ."

జిల్దిజ్ అరచేతులు చాపి చదివింది. తప్పులు దొర్లినా సైరాగుల్ దిద్దలేదు. ఏడో రొట్టె అందరూ తుంచుకున్నారు. తాలాయ్ తన ముక్క తినకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

ఆమె బాణలి తోమి, బోర్లించి ఇంటికి వెళ్ళింది. గోడ దగ్గర నిలబడి రొట్టె దింపబోయి చెయ్యి దించేసింది. ఇక ఎవరి కోసం ఎదురుచూడాలి? చెప్పులైనా విప్పకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దున టీ నీళ్ళు కాగలేదని తాలాయ్ కేకేస్తూ వచ్చాడు. తలుపు తోసి ముట్టుకునేసరికి అవ్వ ఒళ్ళు చల్లబడి ఉంది. వాడు చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

ఆడవాళ్ళు వచ్చి ఇల్లు సర్దారు. గోడ మీదిది మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, కొరికినవాడే దింపాలి. నూలుతాడుకు వేలాడుతున్న ఆ రొట్టె రాయిలా ఎండిపోయింది, అంచున ఒక్క పంటిగాటు.