రెప్పలు దించిన బొమ్మ

బెంగళూరు చీరల కొట్టు సావుకారికి ఆడమనిషి కళ్ళతో పని లేదు. చూసేవాళ్ళ చూపు జరీ అంచు మీదికి పోవాలి గానీ బొమ్మ మొహం మీద నిలవకూడదని అతని పట్టు. అందుకే ఏటా అతను వేయించే క్యాలెండర్లో పట్టుచీర బొమ్మ రెప్పలు దించుకునే ఉండేది. తొమ్మిదేళ్ళుగా ఆ బొమ్మలు వేస్తున్నవాడు చింతామణి ఊరి మునినారాయణ. ఏటికో కొత్త కట్టు, కొత్త జాకెట్టు. రెప్పలు మాత్రం అవే. సావుకారు భుజం తట్టేవాడు, ఇతను గంగిరెద్దులా తలూపేవాడు.

తండ్రి ఆదినారాయణప్ప గ్రామదేవతల బొమ్మలకు రంగులు వేసినవాడు. కళ్ళు ఆఖరున తెరిచేవాడు. అప్పుడు బొమ్మకెదురుగా అద్దం నిలబెట్టి, తాను పక్కకు ఒదిగి కుంచె ఆడించేవాడు. తెరిచిన కళ్ళు ముందు తమను తామే చూసుకోవాలి. మనిషిని చూశాయో, ఆ మనిషిని ఇక వదలవని ఆయన నమ్మకం. కొడుకు ఆ మాటకు నవ్వి బెంగళూరు బస్సెక్కాడు.

1963 ఎండాకాలంలో అత్త రామలక్ష్మమ్మ కబురు పంపింది. ఆమె కళ్ళకు పొర కమ్ముతోంది. చూపు పూర్తిగా పోకముందు కూతురు జయలక్ష్మి బొమ్మ, కళ్ళు తెరిచి ఉన్నది, ఒక్కసారి చూడాలట. జయలక్ష్మి మునినారాయణ భార్య. ఆరేళ్ళ కిందట ఆమెకు జ్వరమని పుట్టింటి నుంచి రెండు ఉత్తరాలొచ్చినా, దీపావళి క్యాలెండర్ ముగించి పోదామనుకున్నాడు. వెళ్ళేసరికి ఆమె పోయింది, కళ్ళ మీద తడిగుడ్డ వేసి ఉంది. ఎందుకని అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

అత్త ఇంట్లో అతని క్యాలెండర్ గోడవైపు తిరిగి ఉంది.

"మా పాప మొగమే గదప్పా అది. ఉగాది నుంచి రెప్పలు లేస్తాండాయి, రోజుకు పోగంత. నాకు భయమై తిప్పి పెట్టినా," అంది.

ముసలామె చూపు సంగతి తెలిసిందేగా అనుకుని అతను క్యాలెండర్ తిప్పాడు. మొహం జయలక్ష్మిదే. ఇన్నేళ్ళూ ఆ మొహమే గీస్తున్నానని అతనికి అప్పుడే తెలిసింది. రెప్పల కింద సన్నటి తెల్లగీత. అది అతను వేసింది కాదు. చెమ్మకు కాగితం ఉబ్బిందిలే అన్నాడు గానీ వేలితో ఆ గీతను తుడిచి చూశాడు.

మూడు రోజులు చెక్కపలక మీద బొమ్మ వేశాడు. ముక్కు పక్క పుట్టుమచ్చ, చెవుల కమ్మలు, అన్నీ కుదిరాయి. కళ్ళు మాత్రం రాలేదు. ఆమె తనను ఎలా చూసేదో ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. వేసిన ప్రతిసారీ కొట్టు బొమ్మ రెప్పలే దిగాయి. తుడిచి తుడిచి చివరికి ఏడ్చాడు. అప్పటికి క్యాలెండర్లో తెలుపు సగం కన్నంత అయింది. నల్లగుడ్డు ఇంకా రాలేదు.

నాలుగోనాటి మధ్యాహ్నం మునినారాయణ తన తండ్రి వాడిన అద్దం తెచ్చి పలకకెదురుగా పెట్టి, పక్కకు ఒదిగాడు. అద్దంలో ఆ మొహం తనవైపు తాను చూసుకోవడం లేదు. ఇంకా గీయని కళ్ళతో, అతను నిలబడ్డ పక్కకు తిరిగి ఉంది. అతను కుంచె దించి అత్తవైపు తిరిగాడు.

"అత్తా, కడాన ఆమె యాడ చూస్తా ఉన్నింది?"

రామలక్ష్మమ్మ చెయ్యి చాపి తలుపువైపు చూపింది.

"వాకిలి పక్క. నువ్వొస్తావని. పానం పోయినాక మేం ఎన్నిసార్లు మూసినా కండ్లు మూతపడలేదప్పా. అందుకే తడిగుడ్డ వేసినాం."

అతను లేచి అద్దాన్ని తీసి గోడకు బోర్లించాడు. పలక ముందు, అద్దం ఉన్నచోట, తానే కూర్చున్నాడు. ఈసారి చెయ్యి ఆగలేదు. రెండో కంట్లో నల్లచుక్క పడగానే ఆ చూపు గుర్తొచ్చింది. కోపం లేదు. ఎదురుచూపు, అంతే.

అత్త తడుముకుంటూ వచ్చి పలకకు మొహం ఆనించి చూసింది. తరువాత అతన్ని కిటికీ దగ్గరికి పొమ్మంది, మళ్ళీ తలుపు దగ్గరికి పొమ్మంది.

"యాడికి పోయినా నిన్నే చూస్తాండాది," అంది.

"చూడనీ అత్తా."

గోడ మీది క్యాలెండర్లో రెప్పలు మళ్ళీ దిగిపోయి ఉన్నాయి. సాయంత్రం సావుకారికి ఇక రానని కార్డు రాశాడు. కారణం రాయలేదు. రాస్తున్నంతసేపూ ఆమె చూస్తూనే ఉంది.