మైకా ముక్క

చిన్నకోడలు కట్టిన పవర్ సప్లై పొగ వదిలిందని కొట్టు కౌంటరు దగ్గర్నుంచి కేక వినబడింది. ఆమెకు ముందు నమ్మకం కలగలేదు, ఆ తర్వాత ఒళ్ళు మండింది. నాలుగు పెట్టెలు. ఒక్కొక్కదాన్నీ పూటంతా లోడు మీద నడిపి, ప్లస్ పన్నెండు, మైనస్ పన్నెండు వోల్టులు వెంట్రుకవాసి కదలడం లేదని మీటరులో చూసుకుని మరీ మూత బిగించింది.

ముందుగదిలో సైన్సు టీచరు ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పిల్లల ప్రాజెక్టుల కోసం ఆ పెట్టెలు చేయించుకున్నది ఆవిడే. కొట్టు చూసుకునే బావగారు, అంటే చిన్నకోడలి భర్తకు అన్న, ఆవిడకు సర్దిచెబుతున్నాడు. మా మరదలి చేతిపనండీ, సరదా పడుతుంటే కాదనలేక బల్ల దగ్గర కూర్చోనిచ్చాం, రేపట్నుంచి ప్యాకింగు మాత్రమే చేస్తుంది అంటున్నాడు. ఎనిమిదేళ్ళ పని సరదా అయిపోయింది! ఆ కొట్టు ఎవరి చేతి చలవతో నడుస్తోందో ఆ పెద్దమనిషికి తెలియదా?

చిన్నకోడలు పొగ వచ్చిన పెట్టె మూత విప్పింది. వేడి లాగడానికి పెట్టిన అల్యూమినియం రేకు తళతళలాడుతోంది. దాని మీద వోల్టులు నిలకడగా ఉంచే రెగ్యులేటర్లు రెండూ లోహానికి లోహం ఆనించి బిగించి ఉన్నాయి. ప్లస్ రెగ్యులేటరు వీపు గ్రౌండుకు కలిసి ఉంటుంది. మైనస్ దాని వీపు మాత్రం లోపలికొచ్చే కరెంటుకు కలుస్తుంది. చూడ్డానికి రెండూ కవలపిల్లలే. అందుకే మైనస్ దాని కింద వేడిని వదిలి కరెంటును ఆపే పల్చటి మైకా ముక్క పెట్టి, తెల్లటి పేస్టు రాస్తుంది. ఇప్పుడది లేదు. రెండో పెట్టె విప్పింది. అందులోనూ లేదు.

"మైకా ఏమైంది బావగారూ?"

"అదా? జిడ్డుగా తెల్లటి ముద్దలో ఏదో ప్లాస్టిక్ ముక్క అంటుకుని ఉంటే, తీసేసి శుభ్రంగా తుడిచి బిగించానమ్మా. సరుకు చూడ్డానికి బావుండాలిగా."

గొప్పగానే చెప్పాడు. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అడ్డుగా ఉన్న ఆ ముక్క తీసేస్తే రెండు వీపులూ రేకు ద్వారా కలిసి షార్టవుతాయని, పొగ అందుకే వచ్చిందని టీచరుకు చూపించి చెప్పింది.

తలుపు దగ్గరికి అత్తగారు వచ్చి, ఇంటి గుట్టు రచ్చకెక్కించకమ్మా, లోపల మాట్లాడుకుందాం అంది. నింద వెయ్యడానికి కౌంటరు పనికొచ్చింది, దులిపేసుకోవడానికి మాత్రం వంటగది కావలసివచ్చింది!

"బయట అన్న మాట బయటే వెనక్కి తీసుకోవాలి అత్తయ్యా," అంది చిన్నకోడలు.

బావగారు గొంతు సవరించుకుని, పొరపాటు జరిగిందండీ అని టీచరుతో గొణిగాడు.

"తప్పు నాదనుకున్నప్పుడు మా మరదలు చేసిందన్నారు. మీదయ్యేసరికి దానంతటదే జరిగిందా? చేశానని అనండి బావగారూ."

టీచరు ఎక్కడికీ కదల్లేదు.

"నేనే చేశాను," అన్నాడు బావగారు చివరికి, ఎవరి మొహమూ చూడకుండా.

మళ్ళీ ఎప్పటికి చేసిస్తారని టీచరు అడిగింది. అడిగింది బావగారిని కాదు. ఎల్లుండికి అని చెప్పి, చిన్నకోడలు నాలుగు పెట్టెలూ ఎత్తుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళింది.